క్యాన్సర్ వార్తకు బహుమతి: ఏ వార్తకు?

క్యాన్సర్ గురించి ప్రజలకు తెలియజెప్పే విలేకరులకు యూరోపియన్ స్కూల్ ఆఫ్ ఆంకాలజీ వంటి సంస్థలు అవార్డులిచ్చాయి. మంచిదే. మన దగ్గర అలాంటి బహుమతి పెడితే ఏ వార్తకివ్వాలి?

మహబూబ్‌నగర్ పల్లెల్లో నేను మాట్లాడిన ఆడవాళ్లకు క్యాన్సర్ అన్న మాట తెలియక కాదు. తెల్లబట్ట అయితుందని ఆస్పత్రికి పోతే "గర్భసంచి తీయకుంటే క్యాన్సర్ అయితది" అన్న బెదిరింపుగానే అది వాళ్లను చేరింది. పరీక్ష లేదు, అప్పు చేసి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అన్నీ అనవసరమని అనను. కానీ చిన్న వయసులో అండాశయాలు కూడా పోతే ఎముకలు గుల్లబారతాయి. కూలి చేసుకునే మనిషికి అదేమిటో వేరే చెప్పాలా?

తెల్లబట్ట చాలావరకు ఇన్‌ఫెక్షనే. ముట్లుడిగాకో, కలయిక తర్వాతో రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చేయకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదరడానికి ఏళ్లు పడుతుంది. ముందే పసిగట్టే పరీక్షను శిక్షణ పొందిన నర్సు చేయగలదు. ఈ నాలుగు ముక్కలు జిల్లా పేజీలో ఎన్నిసార్లు చదివాం?

2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. టీకా పనిచేస్తుంది, నిజమే. సమ్మతి వేరే ప్రశ్న. దాన్ని అడిగిన వార్త కూడా క్యాన్సర్ అవగాహనే.

బహుమతి డబ్బు మందుల కంపెనీది కాకూడదు. న్యాయనిర్ణేతల్లో డాక్టర్ల పక్కన ఒక ఆశా కార్యకర్తకూ కుర్చీ వేయాలి.