పదేళ్ళ పిల్లవాడి పదవీ విరమణ

మార్చి నెల వచ్చిందంటే కాలేజీల్లో వీడ్కోలు సభల జోరు. 2023 మార్చి ఆఖరు వారంలో, ఉప్పల్‌లో నేను పాఠం చెప్పే కాలేజీలో డిగ్రీ ఆఖరు సంవత్సరం వాళ్ళకు “వీడ్కోలు” అన్న మాట ఇచ్చి వ్యాసం రాయమన్నాను. శకుంతల అత్తవారింటికి పోవటమో, అక్కయ్య అప్పగింతలో, సికింద్రాబాదు ప్లాట్‌ఫారమో వస్తాయనుకున్నాను. వచ్చాయి కూడా. కాని నలభై కాగితాల్లో ఏడింట యాష్ అనే కుర్రవాడు ప్రత్యక్షమయ్యాడు.

ఎవరండీ ఈ యాష్ అనే పెద్దల కోసం నాలుగు ముక్కలు. జపాను వారి బొమ్మల సీరియల్ ‘పోకెమాన్’కు కథానాయకుడు. స్వదేశంలో పేరు సతోషి. 1997 ఏప్రిల్ 1న అక్కడి టెలివిజన్‌లో అవతరించాడు. నెత్తిన టోపీ, భుజాన పికాచూ అనే పసుప్పచ్చని బుల్లి జీవం. దానికి కోపం వస్తే ఒంట్లోంచి మెరుపులు పుడతాయి. లోకంలోని వింత జీవాలన్నిటితో చెలిమి చేసి, పందాలు గెలిచి ‘పోకెమాన్ మాస్టర్’ అనిపించుకోవాలని ఇల్లు విడిచాడు. అప్పుడతనికి పదేళ్ళు. వెయ్యి రెండువందల పైచిలుకు భాగాలు నడిచాయి, అయినా పదేళ్ళే! మన దేశంలో 2003 నుంచి చూపించారు. మా విద్యార్థులకు అన్నం ముద్దలు దిగింది అతడి ధర్మమా అనే.

2022 నవంబరులో ఈ పిల్లవాడు ఎట్టకేలకు ప్రపంచ విజేత అయ్యాడు. టోక్యోలో షిబుయా కూడలిలోని పెద్ద తెరల మీద ఆ గెలుపు చూపిస్తే జనం కేకలు పెట్టారట. ఆఖరి బంతికి సిక్సరు పడితే ఉప్పల్ స్టేడియంలో లేచే గోల ఎరిగిన మా వాళ్ళకు ఆ సందడి వేరే వర్ణించనక్కరలేదు. మరుసటి నెలలోనే, ఇక ఇతడి కథ చాలిస్తున్నామని ప్రకటన వచ్చింది. 2023 మార్చి 24న చివరి భాగం వేశారు.

మా వాళ్ళ వ్యాసాల్లో ఒకడిది ఉత్త కోపం: పాతికేళ్ళు ఓడించి, గెలవగానే ఇంటికి పంపిస్తారా అని. ఒక అమ్మాయి, తాను అయిదో తరగతిలో ఉన్నప్పుడు అతడిదీ తన యీడే, ఇప్పుడు తాను డిగ్రీకి వచ్చినా అతడక్కడే ఉన్నాడు, వెళ్ళిపోయింది అతడా నేనా అని ప్రశ్నించింది. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు గాని, మార్కులు మాత్రం ధారాళంగా వేశాను.

ఇంకొక కాగితం నన్ను చాలాసేపు పట్టి ఉంచింది. రాసిన కుర్రవాడి తండ్రి, వీడికి ఏడేళ్ళప్పుడు, పని కోసం దుబాయి వెళ్ళాడు. శంషాబాదులో నాన్న లోపలికి పోతూంటే వీడు ఏడవలేదట. అమ్మ ఏడుస్తూంటే తానూ ఏడవటం బాగుండదనుకున్నాడు. కొన్నాళ్ళకు మేనమామ కొడుకు తెచ్చిన సీడీలో, యాష్ తాను గొంగళిపురుగుగా పట్టి పెంచిన సీతాకోకచిలుకను దాని తోడుతో సముద్రం మీదికి వదిలిపెట్టే ఘట్టం చూశాడు. అప్పుడు ఆపలేనంత ఏడుపు వచ్చింది. బొమ్మ కోసం ఏడుస్తున్నాడని అందరూ నవ్వారు. “నవ్వనీ అనుకున్నాను సార్” అని ఆ వాక్యం దగ్గర వ్యాసం ఆపేశాడు. యాష్ కథలో తల్లే ఇంటి దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. తండ్రి మొహం పాతికేళ్ళలో ఒక్కసారీ చూపించలేదు. ఆ సంగతి నాకు మరో కుర్రవాడు చెప్పాడు.

స్టాఫు రూములో మా ఎకనామిక్స్ ఆయన, “బొమ్మలకు ఏడవటమేమిటండీ మాస్టారూ, చోద్యం!” అన్నారు. రాముడు పధ్నాలుగేళ్ళకు తిరిగొస్తాడని తెలిసీ హరికథలో అరణ్యవాసానికి కళ్ళొత్తుకునే జాతి మనది. 1893లో షెర్లాక్ హోమ్స్‌ను కోనన్ డాయిల్ జలపాతం దగ్గర చంపేస్తే పాఠకులు ఊరుకోలేదు. 1903లో బతికించి తీసుకురావలసి వచ్చింది. అంతదూరమెందుకు, మన హైదరాబాదులో పుట్టి 2008లో టెలివిజన్‌కెక్కిన ఛోటా భీమ్ ఉన్నాడు గదా! 2020 జూన్‌లో, భీముడు చుట్కీని కాదని ఇందుమతిని పెళ్ళాడాడని పుకారు పుట్టి దేశమంతా చుట్కీకి న్యాయం కావాలని అల్లరి చేసింది. చివరకు ఆ బొమ్మలు గీసే గ్రీన్ గోల్డ్ సంస్థవారు, బాబూ వాళ్ళింకా పసివాళ్ళు, ప్రేమలూ పెళ్ళిళ్ళూ అంటగట్టకండి అని చెప్పుకోవలసి వచ్చింది.

మేముండే నాచారంలో రామారావుగారి రామకృష్ణా స్టూడియో ఉంది. వేషం కట్టిన మనిషికి వయసు మీదపడటం మా పేట వాళ్ళు చూసినదే. బొమ్మకు ఆ బెడద లేదు. దానికి గొంతు ఇచ్చే మనిషికి ఉంటుంది: సతోషికి ఇరవయ్యారేళ్ళు మాట ఇచ్చిన రికా మత్సుమోతో అనే ఆవిడ ఆ పదేళ్ళ కుర్రవాడిగా అన్నేళ్ళూ అరిచి, పరుగెత్తి, రొప్పింది. ఆమె సంగతి ఏ వ్యాసంలోనూ లేదు. నాకు అదొక్కటే లోటనిపించింది.

యాష్ అదృష్టవంతుడు. ముందుగా చెప్పి, దండ వేసి పంపారు. చివరి భాగంలోనూ ఇంట్లో కూలబడక, పికాచూతో మళ్ళీ దారిపట్టాడు. మన ‘చందమామ’ 1947 జూలైలో మొదలై ఎన్ని తరాలను పెంచింది! శంకర్‌గారి బొమ్మలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నెలనెలా నడిచాడు, భేతాళుడు నెలనెలా చెట్టెక్కాడు. 2013 నాటికి పత్రిక ఆగిపోయింది. ఆఖరి కథ ఇదీ అని ఎవరూ చెప్పలేదు. ఆ రాజు ఇంకా శ్మశానం దారిలోనే ఉన్నాడు.