సరుగుడు గుడిసెలో రెండు రాత్రులు

ఈ మధ్య ఎవరిని కదిపినా "ప్రకృతికి దగ్గరగా" నాలుగు రోజులు ఉండి రావాలని అంటున్నారు. కరెంటు లేని గది, తాటాకు కప్పు, లాంతరు వెలుగు, బావి నీళ్లు. మన తాతలు ఏవైతే వదిలించుకోవడానికి జీవితమంతా కష్టపడ్డారో అవన్నీ ఇప్పుడు రాత్రికి ఇంత అని అద్దెకు దొరుకుతున్నాయి. ఇందులో తప్పేమీ లేదు. నాకూ సరదాయే. అందుకే వానలు మొదలైన ఒక శనివారం నేనూ మా ఆవిడా మహాబలిపురం దగ్గర అలాంటి ఒక గుడిసెకు వెళ్లాం.

ఊరికి కొంచెం ఎడంగా, అలల చప్పుడు వినిపించేంత దగ్గరలో ఒక సరుగుడు తోట. అందులో సరుగుడు దుంగలు పేర్చి కట్టిన గుడిసె. కింద చెక్క పలకలు, పైన కొబ్బరాకు. లోపల మాకు ఒక మంచం, దోమతెర. గుడిసె చుట్టూ వరుసగా ఏవో చిన్న మొక్కలు నాటి ఉన్నాయి. అక్కడి వాచ్‌మన్‌కు అమ్మమ్మ గారిది గూడూరు వైపట, తెలుగు బాగానే వచ్చు. "ఇవేంటన్నా?" అని అడిగితే "సిరియానంగై సార్. ఈ చెట్టు ఉన్నకాడికి పాము రాదు. ఓనరు ప్రత్యేకంగా పెట్టించినాడు" అన్నాడు. రాదని ఎవరు చూశారన్నా అని అడగబోయి ఊరుకున్నాను. విహారానికి వచ్చి వాదన ఎందుకని.

రెండో రాత్రి ఒంటిగంట దాటాక తలుపు బాదిన చప్పుడుకు లేచాం. వాచ్‌మన్. వాళ్లావిడను పాము కరిచింది. గుడిసె వెనక ప్లాస్టిక్ పట్టా కప్పిన పాకలో వాళ్లు నేల మీద చాప వేసుకుని పడుకుంటారట. రెండు రోజులుగా అక్కడే ఉన్నా వాళ్లు ఎక్కడ పడుకుంటారో అడగాలని నాకు తోచనే లేదు. మడమ పైన రెండు చిన్న చుక్కలు. చారలున్న తోక ఒకటి పట్టా కిందకు పోవడం చూశానని ఆమె అంటోంది.

"కారు తీయండి సార్, మూడు కిలోమీటర్లలో మంత్రం వేసే పెద్దాయన ఉన్నాడు" అన్నాడు అతను. ఆస్పత్రికి పోదాం అన్నాను. "నొప్పి లేదు సార్, వాపు కూడా లేదు. మంత్రం వేస్తే చాలు" అన్నాడు.

నన్ను భయపెట్టింది సరిగ్గా ఆ మాటే. నాగుపాము కరిచినా రక్తపింజర కరిచినా సాధారణంగా నొప్పి, వాపు ఉంటాయి. కట్లపాము అలా కాదు. రాత్రిపూట తిరుగుతుంది, ఇళ్లలోకి వస్తుంది, నేల మీద నిద్రపోయే వాళ్లను కరుస్తుంది. గాటు దగ్గర చాలాసార్లు నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. కొన్ని గంటల తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయవు. నొప్పి లేదని ఇంట్లో పడుకుని తెల్లవారేసరికి లేవని వాళ్లు ఈ దేశంలో ఎందరో.

ఇవన్నీ ఆ అర్ధరాత్రి వాళ్లకు ఉపన్యాసం ఇవ్వలేదు. కారు నాది కాబట్టి నా మాట నెగ్గింది. దాన్ని వాదనలో గెలుపు అని చెప్పుకోను. కారు అతనిదే అయితే మంత్రగాడి దగ్గరకే వెళ్లి ఉండేవాళ్లం. కాలికి బిగించి కట్టిన తువ్వాలు విప్పించాను, కాలు కదలకుండా చెక్క పలక ఆనించి వదులుగా గుడ్డ చుట్టాం. బయలుదేరే లోపు వాళ్ల అత్తగారు పరుగెత్తుకొచ్చి కోడలి చేతికి పసుపు దారం కట్టింది. నేను అడ్డు చెప్పలేదు. దారం కట్టడానికి అర నిమిషం కూడా పట్టదు. మంత్రగాడి ఇంటి ముందు పోయేవి మాత్రం గంటలు.

ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ హడావుడి పడలేదు. కొంచెం రక్తం తీసి పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచింది. పింజర విషం ఎక్కితే రక్తం గడ్డ కట్టదు. గడ్డ కట్టింది. తర్వాత కనురెప్పలు ఎత్తమంది, నాలుక చాపమంది, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలదో చూసింది. గంట గంటకూ మళ్లీ అదే పరీక్ష. మరునాడు రాత్రి దాకా ఉంచుకుని పంపించేశారు. విరుగుడు మందు ఇవ్వనే లేదు, ఎందుకంటే విషం ఎక్కిన గుర్తులు కనబడలేదు. "విషం లేని వుల్ఫ్ స్నేక్ కూడా చారలతో కట్లపాములాగే ఉంటుంది, అదే అయ్యుండొచ్చు. లేదా కట్లపామే కరిచినా విషం వదలకపోయి ఉండొచ్చు. రెండూ జరుగుతాయి" అంది డాక్టరమ్మ.

తిరిగి వచ్చేసరికి తోటలో పది మంది పోగయ్యారు. అందరిదీ ఒకటే మాట. దారం కాపాడింది!

అప్పుడు ఒక్క క్షణం ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే వాళ్ల లెక్కలో తప్పు ఎక్కడుందో నాకే స్పష్టమైంది. నిజానికి ఆమెను దారమూ కాపాడలేదు, ఆస్పత్రీ కాపాడలేదు. ఆమెకు విషమే ఎక్కలేదు. ఆస్పత్రి చేసిందల్లా ఆ సంగతి తేల్చడం, ఒకవేళ ఎక్కి ఉంటే మందూ ఊపిరి పోసే యంత్రమూ దగ్గర పెట్టుకుని కాచుకోవడం. మంత్రగాడు చేయలేనిది ఇదే. విషం ఎక్కని వాళ్లను ఇద్దరూ బతికిస్తారు. ఎక్కిన వాళ్ల దగ్గరకు వచ్చేసరికే తేడా బయటపడుతుంది.

మన దేశంలో పాముల్లో ఎక్కువ జాతులకు మనిషిని చంపే విషం లేదు. విషమున్నవి కూడా ప్రతి కాటులోనూ విషం వదలవు. అందుచేత మంత్రగాడి దగ్గరకు పదిమంది వెళ్తే ఆయన ఏమీ చేయకపోయినా చాలామంది నడిచి ఇంటికి వస్తారు. వచ్చినవాళ్లు ఊరూరా చెబుతారు. చనిపోయినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పరు కదా! వాళ్ల విషయంలో "ఆలస్యంగా తెచ్చారు", "ఆడవాళ్ల నీడ పడింది", "ఆయువు తీరింది" లాంటి జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నెల్లూరు వైపు పెద్దవాళ్లు ఒక కథ చెప్పేవారు. పూర్వం ఒక రైల్వే స్టేషన్ మాస్టరు గారికి పాము కరిచిందని టెలిగ్రాం కొడితే చాలు, ఆయన ఉన్నచోటు నుంచే విషం దించేసేవారట. నేను చిన్నప్పుడు నోరు తెరుచుకుని విన్నాను. టెలిగ్రాం కొట్టినా పోయినవాళ్లు ఎంతమంది అని మాత్రం ఆ కథ చెప్పినవాళ్లలో ఎవరూ లెక్క వేయలేదు.

లెక్క వేస్తే ఏమవుతుందో 2020లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఇంటింటికీ తిరిగి మరణ కారణాలు అడిగి సేకరించిన సమాచారం ఆధారంగా, 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏడాదికి సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని అంచనా వేశారు. ఎక్కువ మంది పల్లెల్లో, ఎక్కువ మంది ఇంటి దగ్గరే, ఆస్పత్రి మొహం చూడకుండా పోయారు. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర, తెలంగాణలూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని మన కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఇది పేదవాడి జబ్బు. చెప్పుల్లేకుండా పొలంలో నడిచేవాడి జబ్బు, నేల మీద పడుకునేవాడి జబ్బు.

ఇంకో విచిత్రం చూడండి. మేము దిగిన తోటకు ఉత్తరాన కొద్ది కిలోమీటర్లలోనే, అదే సముద్రపు రోడ్డు మీద, వడనెమ్మేలి మొసళ్ల పార్కు ఆవరణలో ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది. ఒకప్పుడు ఇరుళలు పాము తోళ్లు అమ్ముకుని బతికేవారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ బతుకుతెరువు పోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో సంఘం పెట్టుకున్నారు. పాములను పట్టుకొస్తారు, కుండల్లో ఉంచి విషం తీస్తారు, తిరిగి అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది. దాన్ని శుద్ధి చేసి మందు సీసాలకు ఎక్కిస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే మందు. దేశంలో ఈ మందుకు వాడే విషంలో చాలా భాగం ఈ సంఘం నుంచి వెళ్లిందే. ఇరుళ పాముపట్టువాళ్లు వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. చదువు లేని గిరిజనుల అనుభవజ్ఞానం, ప్రయోగశాల చేయి కలిపితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ రోడ్డు మీదే, ఆ పక్కనే, పాము రాకుండా మొక్కలు నాటుకుని కూర్చున్నాం!

ఈ మందు లోపం లేనిదని నేను అనడం లేదు. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని, తమిళనాడు పాముల విషంతో చేసిన మందు దూర రాష్ట్రాల్లో అంత బాగా పనిచేయకపోవచ్చని పరిశోధకులే బయటపెట్టారు. గమనించండి, ఆ లోపం కనిపెట్టింది కూడా ఆ పద్ధతిలో పనిచేసేవాళ్లే. తన మంత్రం ఎక్కడ పారదో చెప్పిన మంత్రగాడిని మీరు ఎప్పుడైనా చూశారా?

ఇక గుడిసెల సంగతి. మరునాడు ఓనరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "గెస్టులకు ఏమీ కాలేదు కదండీ?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, మర్యాదగానే మాట్లాడాడు. ఆయన అమ్ముతున్నది పల్లె బతుకు కాదు, పల్లె బతుకు బొమ్మ. ఆ బొమ్మలో మాకు మంచం, దోమతెర ఉన్నాయి. అసలు బతుకు గుడిసె వెనక చాప మీద పడుకుని ఉంది. పాములను తరిమే పని ఒక మొక్కకు అప్పగించి ఇద్దరికీ భద్రత కల్పించానని ఆయన నమ్ముతున్నాడు. మూఢనమ్మకం అంటే చదువు లేనివాళ్ల సొత్తు అనుకుంటాం. ఇక్కడ ఖర్చు తప్పించుకోవడానికి చదువుకున్నవాడికే అది బాగా అక్కరకొచ్చింది.

నా ఉద్దేశంలో ఇలాంటి చోట్లు అద్దెకిచ్చేవాళ్లు చేయాల్సింది ఎక్కువేమీ లేదు. గదికో టార్చిలైటు. అతిథికే కాదు, పనివాళ్లకు కూడా మంచం, పరుపు కిందకు దోపుకునే దోమతెర. చుట్టుపక్కల తుక్కు, కట్టెల కుప్పలు లేకుండా చేయడం, ఎందుకంటే అక్కడ ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. విరుగుడు మందు ఉండే ఆస్పత్రి ఎంత దూరమో, రాత్రి బండి ఎవరిదో, 108కు ఫోన్ చేసి ఏమని చెప్పాలో గోడ మీద రాసి పెట్టడం. కరిచిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, బిగించి కట్టకూడదు, కాలు కదపకుండా వెంటనే తీసుకెళ్లాలి అని తెలుగులోనో తమిళంలోనో నాలుగు ముక్కలు. మనం కూడా బుక్ చేసేటప్పుడు సముద్రం ఎంత దూరం అని అడిగినట్టే ఆస్పత్రి ఎంత దూరం, పనివాళ్లు ఎక్కడ పడుకుంటారు అని అడగాలి. అడగకపోవడం నా తప్పు.

వచ్చే ముందు మహాబలిపురం బజారులో ఒక మడత మంచం, దోమతెర, టార్చి కొని ఆ పాకలో పెట్టి వచ్చాం. గొప్పకు చెప్పడం లేదు, మూడూ కలిపి ఆ గుడిసె ఒక రాత్రి అద్దెకు సరిపోలేదు, అంతే. తెర కడుతుంటే ఆమె చేతికి పసుపు దారం అలాగే ఉంది. మా ఆవిడ నా వైపు చూసింది, ఇప్పుడు మొదలుపెడతానేమోనని. "దారం ఉంటే ఉండనీ అమ్మా. రాత్రి తెర మాత్రం దింపి, అంచులు పరుపు కింద దోపుకుని పడుకోండి" అన్నాను. ఆమె తలూపింది. ఎలా దోపాలో మా ఆవిడ రెండుసార్లు చేసి చూపించింది.