సైనిక విద్యాలయ సందర్శనము: చూడవలసినది, అడుగవలసినది

మన తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిర్మింపబడిన విమానముల రన్వే నేటికిని నిలిచియున్నది. దానిపై పరుగులిడి యాడుకొనిన బాలురకు ఆకసమున నెగురవలెనను కోరిక పుట్టినచో వింత లేదు. అట్టివారు కొందరు సైనిక విద్యాలయములను చూచి రాగోరుచున్నారు. తల్లిదండ్రులలో కొందరు సంతసించుచున్నారు, కొందరు భయపడుచున్నారు. రెండును న్యాయమైన భావములే. అయితే ఆ ప్రయాణము వేడుక చూచుటకు గాక, నిర్ణయము చేసికొనుటకు సాధనము కావలెనని మా యభిప్రాయము.

చూడదగిన సంస్థలు పెక్కు గలవు. బాలబాలికలకు మొదటి మెట్టు విజయనగరము చెంత కోరుకొండలో 1962లో స్థాపింపబడిన సైనిక పాఠశాల. ఆరవ, తొమ్మిదవ తరగతులలో పరీక్షపై ప్రవేశము దొరకును. పిమ్మట పూనా చెంత ఖడక్వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ. అచట మూడు సంవత్సరముల విద్య. అటుపై వైమానిక దళమున చేరువారు హైదరాబాదు చెంతనున్న దుండిగల్ అకాడమీకి పోవుదురు.

ఇవి రక్షణస్థలములు గనుక ముందుగా అనుమతి పొందవలయును. గుర్తింపు పత్రములు చేతనుండవలయును. కూడదన్నచోట ఛాయాచిత్రము తీయరాదు. ఈ కట్టుబాట్లకే విసుగు చెందువాడు అచటి జీవితమును గూర్చి మరల నాలోచించుట మేలు.

లోనికి పోయినంతనే విశాలమైన మైదానములు, అద్దమువలె మెరయు బూట్లు, ఒక్క యడుగుగా సాగు కవాతు కన్నులను లాగును. కాని మన కొల్లేటిలో తాటిదోనెను గడవేసి నడుపువానిని ఒడ్డున నిలిచి చూచినచో ఆ పని యెంత సులభముగా దోచును! గడ చేతబట్టినవానికే దాని కష్టము తెలియును. కావున విద్యార్థులారా, కవాతును చూచి చాలునని మరలి రాకుడు. తెల్లవారకమునుపే లేచుట, వ్యాయామము, పాఠములు, ఆటలు, రాత్రి చదువు, వీనినడుమ తనకై మిగులు కాలమెంత? ఇంటికి ఉత్తరము వ్రాయువేళ ఎప్పుడు? వెనుకబడినవానికి తోడ్పడువారెవరు? ఈ సంగతులు అచటి క్యాడెట్లనే యడుగుడు.

ఖడక్వాస్లాలో హట్ ఆఫ్ రిమెంబరెన్స్ అను చిన్న మందిరము గలదు. ఆ అకాడమీలో చదివి దేశసేవలో ప్రాణములర్పించినవారి పేర్లు అందు లిఖింపబడియున్నవి. తల్లిదండ్రులును బిడ్డయు కలిసి ఆ పేర్లయెదుట కొంతసేపు మౌనముగా నిలువవలయును. ఈ వృత్తి యేమి కోరునో అచట తేటపడినట్లు మరెచటను తేటపడదు.

కవాతు చెప్పని మరియొక ప్రశ్న గలదు. శిక్షణలోనే గాయపడి, అధికారి పదవి పొందకమునుపే ఇంటికి పంపబడిన క్యాడెట్ల దుస్థితిని 2025 ఆగష్టులో సుప్రీంకోర్టు తనంతతానుగా విచారణకు గైకొన్నది. కావున అట్టివారికి వైద్యము, జీవనాధారము ఏ విధముగా నేర్పడియున్నవని తండ్రి యడుగుట పిరికితనము గాదు. అది కన్నవారి ధర్మము. సంస్థను గౌరవించుట వేరు, దానిని ప్రశ్నింపకుండుట వేరు.

బాలికలును వెనుదీయవలసిన పనిలేదు. 2016 జూన్ నెలలో దుండిగల్‌లో ముగ్గురు స్త్రీలు యుద్ధవిమాన విభాగమున ప్రప్రథమముగా అధికారిణులైరి. జాతీయ రక్షణ అకాడమీలో 2022లో చేరిన తొలి బాలికలలో 17 గురు 2025 మే నెలలో పట్టభద్రులై వెలువడిరి.

తిరుగు రైలులో ఏలూరు చేరులోపల, తండ్రి తన కోరికను గాని భయమును గాని బిడ్డపై మోపక, "నీకేమి దోచినది?" అని యొక్కమాట యడిగి, బదులు ఓపికతో వినవలయును. బిడ్డ "అక్కర లేదు" అనినను ఆ ప్రయాణము వ్యర్థము గాదు. "పోయెదను" అనినచో, కన్నులు తెరచి పలికిన మాట గనుక దానికి బలముండును.