బూడిద ఎక్కడికి పోయింది?

మా అమ్మమ్మ కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచేది. పొగకు కళ్ళు మండేవి, గోడలు నల్లబడేవి. పొద్దున్నే పొయ్యిలోని బూడిద ఎత్తి డబ్బాలో పోసి, దానితోనే గిన్నెలు తోమేది. నీళ్ళు కాగడానికి ఏం ఖర్చయిందో ఆ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా కంటికి కనబడేది.

ఇప్పుడు బెంగుళూరులో మా ఇంట్లో గీజరు మీట నొక్కితే చాలు. పొగ లేదు, బూడిద లేదు. నిజంగా లేదా? 2,000 వాట్ల గీజరు అరగంట వాడితే 1 యూనిట్టు. అది బొగ్గు కరెంటయితే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుంచి 40 పాళ్ళు బూడిదే. అంటే మా స్నానాల కోసం రోజూ పావుకిలో బూడిద ఏ థర్మల్ కేంద్రం పక్కనో పోగవుతోంది. దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. అమ్మమ్మ బూడిద మా పెరట్లోనే ఉండేది. నా బూడిద ఇంకొకరి ఊళ్ళో ఉంది. తేడా అంతే.

పోనీ, నీటి కరెంటు మంచిదందామా? 1964లో శరావతి మీద లింగనమక్కి ఆనకట్ట పూర్తయింది. మన కర్ణాటకలో ఎన్నో ఇళ్ళకు దీపం అక్కడినుంచే వచ్చింది. కానీ ఆ నీళ్ళ కింద ఊళ్ళూ, పొలాలూ, అడవీ ఉన్నాయి. వేసవిలో జోగ్ జలపాతం చూడబోయినవారికి ఎక్కువగా బండలే కనబడతాయి.

మరి సూర్యుడో? ఈ సంగతి నాకు దగ్గరది. తుమకూరు జిల్లా పావగడ తాలూకా మా మేనమామగారిది. కర్ణాటకలో ఉన్నా ఇంటింటా తెలుగు వినిపించే సీమ. వానలు తక్కువ, వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటమే వ్యవసాయం. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో సోలారు పార్కు పెట్టారు. 2018లో మొదలై, 2,050 మెగావాట్లకు పెరిగింది. భూమి కొనలేదు, 28 ఏళ్ళకు కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. బోర్లు ఎండి అప్పుల్లో ఉన్న మామయ్యకు అది పెద్ద ఆసరా. ఆయన చేసింది తప్పనలేను.

ఆ ఊరు వెళ్ళినప్పుడు, చిన్నప్పటినుంచీ నేనెరిగిన గొర్రెల కాపరి కనిపించాడు. కంచె వేశాక మేత లేక సగం మందను అమ్మేశాడట. "మీకు బాడుగ వస్తాది సామీ. నాకు భూమి లేదు, నాకేమొస్తాది?" అన్నాడు. మామయ్యా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. జవాబు లేకపోయింది.

బొగ్గుతో పోలిస్తే సూర్యుడి కరెంటు ఎంతో మేలు, సందేహం లేదు. అయినా ఆ పలకల కోసం పలుగురాయిని కొలిమిలో కరిగించాలి. పాతికేళ్ళకు అటూ ఇటూగా పాతబడిన పలకలను ఎక్కడ వేయాలో చూసుకోవాలి. ఏ కరెంటూ ఊరికే రాదు. వద్దని ఎవరమూ అనలేం. కానీ ఎవరి కొంప, ఎవరి మేత అందులో పోతోందో లెక్క కట్టేటప్పుడు, పట్టా ఉన్నవారితోబాటు పట్టా లేనివారినీ లెక్కలోకి తీసుకోవాలి. ఆ మాట మనలాంటి వాడుకదారులే గట్టిగా అడగాలి.

ఇంట్లో మా వంతు కూడా ఉంది. గీజరు అరగంటనుంచి పావుగంటకు తగ్గించాం. "ఎందుకు తాతా?" అని మనవరాలు అడిగింది. చూపించడానికి బూడిద డబ్బా లేదు కనుక, చెయ్యి పట్టుకుని మీటరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ కాపరి గొర్రెల కథ కూడా చెప్పాను.