డిస్కుల దాయాదిపోరు

వర్తకమున పోటీ యుండవలయుననుట సర్వసమ్మతము. పోటీచే వెల తగ్గును, వస్తువు మెఱుగుపడును, కొనువాడు బాగుపడును. కాని ఒకరి వస్తువు వేఱొకరి యంత్రమున పనిచేయకుండుటకే పోటీయను పేరు పెట్టినపుడు కొనువాడు బాగుపడుట కల్ల. 2006 మొదలు 2008 వఱకు బ్లూ-రే, హెచ్.డి. డి.వి.డి. అను రెండు విధముల చలనచిత్రపు డిస్కుల నడుమ జరిగిన పోరే యిందులకు తార్కాణము.

ఈ రెండును దాయాదులు. రెండును 12 సెంటీమీటర్ల డిస్కులే. రెండింటిని చదువునది 405 నానోమీటర్ల లేసరు కిరణమే. భేదమెల్ల సమాచారపు పొర యెంత లోతున నుండవలయుననుటయందే. సోనీ పక్షమువారి బ్లూ-రేలో నది 0.1 మిల్లీమీటరు లోతున నుండును. పొరకు 25 గిగాబైట్లు పట్టును. తోషిబా పక్షమువారి హెచ్.డి. డి.వి.డి.లో పాత డి.వి.డి.యందువలెనే 0.6 మిల్లీమీటరు లోతున నుండెను. పొరకు 15 గిగాబైట్లే పట్టినను, పాత కర్మాగారములనే కొద్దిపాటి మార్పులతో వాడుకొన వీలుండెను. ఇరుపక్షములకును చెప్పుకొనదగిన న్యాయము కలదు. అయినను 2005లో జరిగిన సంధిమాటలు విఫలమైనవి.

పలనాటివారికి ఈ కథ క్రొత్తది కాదు. గురజాల నలగామరాజును, మాచర్ల మలిదేవరాజును ఒక తండ్రి బిడ్డలే. కోడిపందెముతో ముదిరిన పంతము కారెంపూడి రణరంగమున ఇరువైపుల వీరులను బలిగొన్నది. డిస్కుల పోరున నెత్తురు చిందలేదు గాని జనుల సొమ్ము వ్యయమైనది. చిత్రనిర్మాణ సంస్థలు చెఱియొక పక్షమున చేరుటచే, అన్ని చిత్రములను చూడగోరువాడు రెండు యంత్రములను కొనవలసివచ్చెను. 2008 జనవరి 4న వార్నర్ సంస్థ బ్లూ-రే పక్షమునకు మొగ్గెను. నెలన్నర గడచినదో లేదో, ఫిబ్రవరి 19న తోషిబా తన పద్ధతిని విరమించుకొనుచున్నట్లు ప్రకటించెను. ఆ ముందునాడు ఆ యంత్రమును కొన్నవాడేమి నేరము చేసెను?

ఇది యనివార్యమనుట చెల్లదు. డి.వి.డి. పుట్టుకకు ముందును ఇట్టి కలహమే పొడసూపినది. సోనీ, ఫిలిప్సు సంస్థలు ఒక పద్ధతిని, తోషిబా, టైం వార్నర్ సంస్థలు మఱియొక పద్ధతిని పట్టుకొని కూర్చుండగా, ఐ.బి.ఎం. మొదలగు కంప్యూటరు కంపెనీలు ఒకే పద్ధతి కావలయునని పట్టుబట్టినవి. 1995లో సంధి కుదిరినది. ఫలమేమి? 2007 నాటికి మన దేశమున మోజర్ బేయర్ కంపెనీ వి.సి.డి.ని 28 రూపాయలకును, డి.వి.డి.ని 34 రూపాయలకును అమ్మజూపినది. తెలుగు చిత్రములును ఇట్లే చౌకగా పేదయిండ్లకు చేరినవి. ప్రమాణమొకటైనపుడే వెలలలో నిజమైన పోటీ పుట్టును.

గెలిచిన బ్లూ-రేయైనను కంచెలను తొలగించినదా? లోకమును మూడు మండలములుగా చీల్చి, అమెరికాను ఒకదానను, భారతదేశమును వేఱొకదానను చేర్చిరి. మండలపు తాళము గల డిస్కును అమెరికాలోని కుమారుడు కొని పంపినను, నరసరావుపేటలోని తండ్రి యంత్రమున నది యాడదు. ఇంతలో ఇంటర్నెట్టు ద్వారా చిత్రములను చూచు కాలము వచ్చి డిస్కుల వాడుకనే క్షీణింపజేసినది. నేడు ఒక చిత్రమొక సంస్థయొద్ద, రెండవది వేఱొక సంస్థయొద్ద. చందాలు మాత్రము అన్నింటికిని. పోరు చావలేదు; వేషము మార్చినది.

మన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, వస్తువు నాణ్యమును, ప్రమాణమును, వెలను తెలిసికొను హక్కును కొనువానికిచ్చినది. మంచిదే. కాని తెలిసి కొన్న యంత్రము మఱునాడు అనాథయైనచో ఆ తెలివి యేమి రక్షించును? ఐరోపా సమాజము 2024 డిసెంబరు 28 నుండి చేతిఫోనులకెల్ల ఒకే విధమైన ఛార్జింగు రంధ్రముండవలెనని శాసించినది. అచ్చట సాధ్యమైనది ఇచ్చట అసాధ్యమెట్లగును? పోటీపద్ధతులు విపణిలోనికి రాకమున్నే ఉమ్మడి ప్రమాణమునకు కట్టుబడవలెననియు, విరమించుకొన్న కంపెనీయే కొన్నవారి నష్టమును భరింపవలెననియు చట్టము శాసింపవలయును.

బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినది ఈ గడ్డమీదనే. అందఱకును ఒకే చాప పఱపించి, ఆపై ఎవరి వంట రుచియో తేల్చుకొనుడని కంపెనీలకు చెప్పుట ప్రభుత్వముల ధర్మము. అట్లు చెప్పించుకొనుట ప్రజల బాధ్యత.