యూఏఈలో పనిలో దెబ్బ తగిలితే.. పరిహారం లెక్క బేసిక్ జీతం మీదే

సైట్‌లో వేలు తెగినా, కాలు విరిగినా చాలా కంపెనీలు చెప్పే మాట ఒకటే: "ట్రీట్‌మెంట్ చేయించాం, టికెట్ ఇస్తాం, ఇంటికెళ్లి రెస్ట్ తీసుకో." సరే అనే ముందు మీకు రావాల్సింది ఎంతో లెక్క చూసుకోండి.

2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం పనిలో గాయపడితే వైద్యం ఖర్చు యజమానిదే. పనికి పోలేని రోజులకు ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఇంకా కోలుకోకపోతే మరో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. కార్మికుడు చనిపోతే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం వస్తుంది. అది 18,000 దిర్హమ్‌లకు తగ్గకూడదు, 2,00,000 దాటదు. శాశ్వత వైకల్యం మిగిలితే, వైద్య నివేదికలో రాసిన శాతాన్ని బట్టి ఈ మొత్తంలో వాటా వస్తుంది.

మెలిక ఇక్కడే ఉంది. మీకు నెలకు 1,500 దిర్హమ్‌లు వస్తున్నా, కాంట్రాక్టులో బేసిక్ 800 అని, మిగతాది అలవెన్సులని రాసి ఉంటే లెక్క 800 మీదే. 20 శాతం వైకల్యానికి 3,840 దిర్హమ్‌లే వస్తాయి. మొత్తం 1,500 బేసిక్ అయి ఉంటే 7,200 వచ్చేవి. అందుకే కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడే బేసిక్ ఎంతో చూడండి.

"తప్పు నీదే కదా" అంటే భయపడకండి. కావాలని గాయం చేసుకున్నా, మద్యం లేదా మత్తులో ఉన్నా, గోడకు పెట్టిన భద్రతా సూచనలను తెలిసి తెలిసి ఉల్లంఘించినా పరిహారం పోవచ్చు. మామూలు ఏమరుపాటు వేరు.

వైకల్యం శాతం తేలకముందే దేశం వదిలితే తర్వాత నిరూపించుకోవడం కష్టం. "బకాయిలన్నీ ముట్టాయి" అనే కాగితం మీద, చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. ఫిర్యాదు కార్మిక మంత్రిత్వ శాఖలో చేయాలి. 2024లో చట్టం సవరించాక, ఉద్యోగం ముగిసిన నాటి నుంచి రెండేళ్ల దాకా గడువుంది. అంతకుముందు ఏడాదే ఉండేది. ఇళ్లలో పనిచేసేవారికి వేరే చట్టం వర్తిస్తుంది.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ఉంటుంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యంతో ఉద్యోగం పోయినా 10 లక్షల రూపాయల బీమా. కంపెనీ ఇచ్చే పరిహారానికి ఇది అదనం. పాలసీ కాగితం, కాంట్రాక్టు కాపీ ఇంట్లో వాళ్లకు ఇప్పుడే వాట్సాప్‌లో పంపి పెట్టండి.