అద్దముతో పాటు బిగింపును కూడ అమ్మవలెను

వర్షములు వెనుకబడి సాలవనములలో మంచు దిగు కాలము వచ్చినంతనే, విశాఖపట్టణము, విజయవాడ, హైదరాబాదు నగరముల నుండి మోటారు సైకిళ్లపై బస్తరు సీమకు బయలుదేరు మన యువకులు దారి పొడవునను కానవత్తురు. కొందరు అరకు, కోరాపుట్టుల మీదుగా జగదల్‌పూర్ చేరుదురు; మరికొందరు భద్రాచలము, చింతూరు దాటి, శబరీ నదీతీరమున గల కుంట కడ ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశించి, 30వ నెంబరు జాతీయ రహదారి వెంట దోర్నపాల్, సుక్మాల మీదుగా పోవుదురు. ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు ఈ సీమకు వచ్చి రాజ్యము స్థాపించెనని ఐతిహ్యము గలదు; కుంట, భోపాలపట్నము ప్రాంతములలో నేటికిని తెలుగు మాట వినబడును; కావున బస్తరు మనకు పరాయి నేల కాదు. చిత్రకోట్ కడ ఇంద్రావతి దూకు దృశ్యమును చూడగోరి మనవారు ఇంత దూరము పోవుట నాకెంతయు సంతోషకరము. కాని వారి బండ్ల ముందు భాగమున వణకుచున్న యొక వస్తువు నన్ను చిరకాలముగ కలవరపెట్టుచున్నది.

కంపెనీవారు బిగించి ఇచ్చినది గాక, యజమాని బజారులో వేరుగ కొని తెచ్చి హ్యాండిలునకు తగిలించిన పారదర్శకమైన పలక అది. వ్యాపారులు దానిని విండ్‌షీల్డు అందురు; బండి నడుపువారు అద్దమనియే వ్యవహరింతురు. బయలుదేరునప్పుడు బిగువుగ నున్న ఆ అద్దము చింతూరు దాటునప్పటికి సన్నగ అదరనారంభించి, సుక్మా చేరునప్పటికి గడగడలాడుచుండగా, ఒక చేత దానిని పట్టుకొని వేరొక చేత బండి నడుపు సాహసమునకు దిగినవారిని నేను చూచియున్నాను. దీనికంతకును నడుపువాని అజాగ్రత్తయే కారణమని చెప్పుట అన్యాయమని నా దృఢాభిప్రాయము. పలకను మాత్రము అమ్మి, దానిని పట్టి నిలుపవలసిన బిగింపును కొనువాని అదృష్టమునకు వదలివేయు వర్తకమే ఇందు ప్రధాన దోషి.

గాలికి బరువు లేదని తలచువారు ఒక చిన్న లెక్క వేసి చూడవలెను. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండికి ఎదురగు గాలి చదరపు మీటరునకు ఉరమరగ 30 కిలోల బరువుతో సమానమగు ఒత్తిడి కలిగించును. వేగము 100 కిలోమీటర్లకు పెరిగినచో ఆ ఒత్తిడి 47 కిలోలగును. ఏలయన అది వేగముతో గాక వేగము యొక్క వర్గముతో పెరుగును. 40 సెంటీమీటర్ల వెడల్పును అంతే ఎత్తును గలిగి నిటారుగ నిలిచిన అద్దము మీద ఈ లెక్కన మొదటి వేగమున దాదాపు 5 కిలోలును, రెండవ వేగమున ఏడున్నర కిలోలును ఎడతెగక మోపబడుచుండును. అదియు నిలకడగ నుండునది కాదు. ఎదురుగ ఖనిజపు లారీ వచ్చి దాటిపోయినపుడు ఆ బరువు ఒక్క క్షణమున పెరిగి, మరుక్షణమున తరిగి, ఒక ప్రక్కకు ఒరిగి కొట్టును. అద్దము హ్యాండిలునకు తగిలింపబడినది గనుక, ఆ తాకిడి యంతయు బండిని మలుపు చేతులకే సంక్రమించును. బిగువుగ నున్న అద్దము విషయమున చేతులు దీనికి త్వరలోనే అలవాటుపడును. వదులైన అద్దము మాత్రము ఎప్పుడు ఏ ప్రక్కకు లాగునో తెలియదు.

గాలి చేయు పని ఇట్టిది కాగా, ఇంజను చేయు పని వేరు. నిమిషమునకు 4,000 చుట్లు తిరుగు ఏకసిలిండరు ఇంజను, ఆ తిరుగుడుతోనే సెకనుకు దాదాపు 67 మారులు బండిని అదరించును. గంటసేపు అదే జోరున నడచినచో ఆ అదురుల సంఖ్య 2,40,000 అగును. ఇంత అదురును ఓర్చి నిలువవలసినవి నాలుగైదు చిన్న బోల్టులు. బోల్టు ఊడినదనగనే చాలినంత గట్టిగ బిగింపలేదని లోకులు భావింతురు. మరల బిగించునపుడు మునుపటి కంటె అధికముగ బలము ప్రయోగింతురు. 1969 లో గెర్‌హార్డ్ యుంకర్ అను జర్మను ఇంజనీరు ప్రయోగపూర్వకముగ చూపిన విషయము దీనికి భిన్నమైనది. బోల్టును పొడవునకు లాగు బలముల కంటె, అది కలిపి పట్టిన రెండు వస్తువులను ఒకదానిపై నొకటి అడ్డముగ జార్చు కదలికయే దానికి పరమ శత్రువు. అట్టి జారుడు పదేపదే కలుగుచున్నచో గట్టిగ బిగించిన బోల్టు సైతము తనంతట తానే వెనుకకు తిరిగి వదులగును. మన మెకానిక్కులు మిక్కిలి విశ్వాసముతో వేయు స్ప్రింగు వాషరు ఈ అడ్డు కదలిక ముందు బహు స్వల్పముగనే ఉపకరించునని అట్టి పరీక్షల వలన తేలినది. కావున మొదట వెదుకవలసినది ఏ బోల్టు ఊడినదని కాదు, ఏ రెండింటి నడుమ జారుడు పుట్టుచున్నదని.

ఇక అద్దమని మనము పిలుచునది నిజమునకు గాజు కాదు. అది 1930 దశకమున వాడుకలోనికి వచ్చిన ఆక్రిలిక్ పలకయైనను కావలెను, 1953 లో జర్మనీలో ఒకరు, అమెరికాలో ఒకరు దాదాపు ఏకకాలమున కనుగొనిన పాలీకార్బొనేటు పలకయైనను కావలెను. ఈ రెండును వేడికి ఉక్కు కంటె అయిదారు రెట్లు అధికముగ వ్యాకోచించును. బస్తరులో చలికాలపు వేకువ మంచులో బయలుదేరిన బండి మధ్యాహ్నపు ఎండలో నిలిచినచో పలక ఉష్ణోగ్రత 25 డిగ్రీలు పెరుగుట అసాధారణము కాదు; అపుడు 40 సెంటీమీటర్ల పలక దాదాపు 0.7 మిల్లీమీటరు పెరుగగా, దానిని పట్టిన ఉక్కు పట్టీ 0.12 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. ఆ వ్యత్యాసము ఎచటికి పోవలెను? రంధ్రము బోల్టు కంటె కొంచెము పెద్దదై, నడుమ మెత్తని రబ్బరున్నచో అందులో ఇమిడిపోవును. రంధ్రము బోల్టునకు సరిగ పట్టియున్నచో రంధ్రపు అంచు నుండి వెంట్రుకవాసి పగులై బయలుదేరును. అదురు ఆపదలచి ఇంకొక అరచుట్టు బిగించినవాడు ఆ పగులును తన చేతులతోనే ఆహ్వానించుచున్నాడు. ఉక్కుతో ఉక్కును బిగించు 6 మిల్లీమీటర్ల బోల్టునకు 10 న్యూటను-మీటర్ల బిగువు వాడుక. పలకను పట్టునపుడు అందు నాలుగవ వంతు కూడ అక్కరలేదు.

అద్దము వదులైనపుడు చేయవలసిన పనిని కొంత విస్తరించి చెప్పెదను. ఏలయన కొనిన పెట్టెలో ఈ విషయము వ్రాసిన కాగితము సాధారణముగ నుండదు. బండిని మధ్య స్టాండు మీద నిలిపి, అద్దపు పై అంచును రెండు వ్రేళ్లతో పట్టి మెల్లగ ఊపుచు, రెండవ చేతి వ్రేలిని ఒక్కొక్క కీలు మీద నుంచవలెను. కదలిక ఎచట పుట్టునో వ్రేలికి తెలియును. తరచుగ అది అద్దము కడ పుట్టదు, హ్యాండిలును కౌగిలించిన పట్టీ కడ పుట్టును. హ్యాండిలు గొట్టము కొన్ని బండ్లకు 22 మిల్లీమీటర్లు, పెద్ద బండ్లలో కొన్నిటికి నడుమ 28.6 మిల్లీమీటర్లు ఉండును. అన్నిటికిని సరిపోవునని అమ్ము పట్టీ దేనికిని సరిగ పట్టదు. పట్టీకిని గొట్టమునకును నడుమ సైకిలు ట్యూబు ముక్కను మడత లేకుండ చుట్టి, పట్టీ రెండు ప్రక్కల బోల్టులను మార్చి మార్చి కొంచెము కొంచెముగ బిగించినచో, చాల బండ్లలో వణకు అంతటితో అణగును.

కదలిక అద్దపు రంధ్రముల కడనే యున్నచో పలకను పూర్తిగ విప్పి, వెలుతురునకు అడ్డముగ పట్టి, ప్రతి రంధ్రము చుట్టును పగులు కొరకు వెదుకవలెను. నడుమ ఇత్తడి మర గల రబ్బరు నట్టులు ఎండి బిరుసెక్కియుండినచో మార్చవలెను. అవి దొరకనిచో అద్దమునకు రెండు వైపులను రబ్బరు వాషరును, దానిపై వెడల్పైన ప్లాస్టిక్కు వాషరును, వెనుక నైలాక్ నట్టును వేసి, రబ్బరు కొంచెము నొక్కుకొని ఉబ్బిన తోడనే చేయి ఆపవలెను. బోల్టు వదులు కాకుండుటకు మరలకు పూయు జిగురు లోహము లోహమును పట్టుచోట మంచిదే గాని, పాలీకార్బొనేటునకు గాని ఆక్రిలిక్కునకు గాని తగిలినచో పలకను చిట్లించును. అద్దము సమీపమున దానిని వాడరాదు. సంధ్యవేళ అడవి దారిని వచ్చినవారు అద్దము మీద చచ్చి అంటిన పురుగులను పెట్రోలు గుడ్డతో తుడుచుట నేను పలుచోట్ల గమనించితిని; పెట్రోలు కూడ ఈ పలకకు హానికరమే. తడి గుడ్డను పది నిమిషములు కప్పియుంచి నీటితో కడిగినచో చాలును.

ఇవన్నియు బస్తరులో చేయలేని పనులు కావు. పూర్వపు బస్తరు జిల్లా కేరళ రాష్ట్రము కంటె విశాలమైనది. నేడది ఏడు జిల్లాలుగ విభక్తమైయున్నను, పట్టణమునకు పట్టణమునకు నడుమ అడవియే అధికము, పెద్ద వర్క్‌షాపులు అరుదు. అయినను వారపు సంతలో సైకిలు బాగుచేయువాడు ఉండును, వాని కడ ట్యూబు ముక్క ఉండును. కొండగావ్ పరిసర గ్రామములలో పాత ఇనుమును కొలిమిలో ఎర్రగ కాల్చి సుత్తితో సాగగొట్టి దీపములు, మృగములు, మానవాకృతులు తీర్చు లోహారులు గలరు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ఇనుప శిల్పమును ఇండ్లలో అలంకారముగ నుంచుకొను మనము, వంగిన ఇనుప పట్టీని సరిచేయుటలో ఆ చేతుల నేర్పును వినియోగించుకొనుటకు సందేహింప పనిలేదు. వారడిగిన కూలిని బేరమాడక ఇయ్యవలెను. పట్టీ అల్యూమినియపుదైనచో మాత్రము కొలిమిలో పెట్టించరాదు. ఆ లోహము ఇనుమువలె ఎర్రబడి హెచ్చరింపకయే, 660 డిగ్రీల కడ కరగిపోవును.

ఇంత శ్రమయేల, కంపెనీ పెట్టని వస్తువును తీసివేసినచో సరిపోవునుగదా యని కొందరందురు. దినమునకు 300 కిలోమీటర్లు బండిపై కూర్చుండినవారు ఈ మాట అనరు. రొమ్ము మీద ఎడతెగక మోపబడు గాలిని ఎదిరించుటకు మెడయు భుజములును బిగబట్టియుండవలెను. ఆ అలసట సాయంకాలమునకు దృష్టిని మందగింపజేయును. బస్తరు దారిలోని దర్భా ఘాటు దిగునపుడు పశువు అడ్డము వచ్చినచో, అలసిన చేయి బ్రేకును పట్టుటకు పట్టు ఆలస్యమే ప్రాణాంతకము కావచ్చును. అద్దము విలాసవస్తువు కాదు.

కంపెనీ పెట్టనిది సరిగ బిగియదన్న మాటయు నిజము కాదు. అమెరికాలో క్రెగ్ వెట్టరు 1971 లో విండ్‌జామరు అను పేర అమ్మిన గాలికవచము బజారు సరకే. కాని దానిని ఆయన హ్యాండిలునకు గాక బండి చట్రమునకే నిలుపుటయు, బండి రకమును బట్టి బిగింపు సరంజామాను వేరువేరుగ సమకూర్చుటయు చేసెను. లోపము బజారులో లేదు, బాధ్యతలో నున్నది. మన అంగళ్లలో అమ్ము పెట్టెను తెరచి చూచినచో పలకయు, సంచిలో నాలుగు బోల్టులును ఉండును. ఏ బోల్టు ఎచటికి చెందినదో, ఎంత బిగింపవలెనో, ఎన్ని కిలోమీటర్లకు మరల చూచుకొనవలెనో, ఎంత వేగము మించరాదో తెలుపు పలుకు ఏ భాషలోను కానరాదు. తెలుగులోను హిందీలోను ఒక్క పుట అచ్చు వేయుటకు వర్తకునకు పట్టు ఖర్చు పలక ధరలో లెక్కకు రానిది. బోల్టులకు బదులు వేయుటకు మరొక జతను, రబ్బరు వాషరులను పెట్టెలో నుంచుటకు పట్టు ఖర్చును అట్టిదే.

చట్టము ఈ విషయమున మూగగ లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను తయారీదారుని నిర్దేశములకు విరుద్ధముగ బండిని మార్చరాదని యజమానిని శాసించుచున్నది. 2019 సవరణ వలన అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయు, కారాగార శిక్షకు అవకాశమును ఏర్పడినవి. తగిలించినవానిపై ఇంత బరువు మోపిన రాజ్యము, తగిలించుటకు వస్తువునిచ్చినవానిని కూడ అడుగవలెను. దానికి సాధనము చేతనే యున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 84వ సెక్షనులో, హాని కలుగకుండ వాడు విధమును తగినంతగ తెలుపకుండ వస్తువును అమ్మిన తయారీదారుడు, ఆ వస్తువు వలన కలిగిన హానికి బాధ్యుడని స్పష్టముగ వ్రాయబడియున్నది. దీనిని మన రవాణా శాఖలవారు, వినియోగదారుల సంఘములవారు మోటారు ఉపకరణముల బజారునకు వర్తింపజేసి చూపవలెను. ఆటోనగరులలోని వర్తక సంఘములు తమంత తామే పూనుకొనినచో మరియు మంచిది.

అంతవరకు, వదులైన బిగింపు వలన దెబ్బ తగిలినవారు ఊరకుండరాదని నా మనవి. బస్తరు అడవిలో జరిగిన నష్టమునకు జగదల్‌పూరు చుట్టు తిరుగ పనిలేదు. ఆ వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారమే ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లా వినియోగదారుల కమిషనులోనే, అది విశాఖపట్టణమైనను ఖమ్మమైనను, ఫిర్యాదు చేసికొనవచ్చును. చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయల లోపుగ నున్నంతవరకు దాఖలు రుసుము లేదు. కొనిన నాటి రసీదును, పెట్టెను, అందులో కాగితము లేదని చూపు ఛాయాచిత్రమును, విరిగిన బోల్టును పారవేయక భద్రపరచుకొనవలెను.